35.5లో ఆ అర ఎక్కడిది?



క్లోరిన్ పరమాణు భారం ఎంతని మీ పిల్లలను అడిగి చూడండి. 35.5 అని టక్కున చెప్తారు. ఆ అర ఎలా వచ్చిందంటే మాత్రం, "అది ఎగ్జామ్‌లో రాదు మిస్" అంటారు.

క్లోరిన్‌లో రెండు రకాల పరమాణువులు ఉంటాయి. ప్రతి నాలుగింటిలో దాదాపు మూడింటి భారం 35, ఒకదానిది 37. సగటు తీస్తే 35.5. అంటే 35.5 భారం ఉన్న క్లోరిన్ పరమాణువు ఎక్కడా ఒక్కటి కూడా లేదు!

ఇది ఎందుకు పనికొస్తుందో చెప్తాను. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి మనుషులు ఫిట్స్ వచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. మొదట ఆర్గానోక్లోరిన్, అంటే క్లోరిన్ ఉన్న పురుగుమందుల మీద అనుమానం వచ్చింది. తరువాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఇలాంటప్పుడు ల్యాబ్‌కు వచ్చే ఇబ్బంది ఒకటుంది. మామూలు పరీక్ష తన జాబితాలో ఉన్న రసాయనాలనే వెతుకుతుంది. జాబితాలో లేనిది కళ్లెదుట ఉన్నా దొరకదు.

మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం అణువులను భారాన్ని బట్టి వేరు చేసి గీతలుగా చూపిస్తుంది. ఒక్క నీటి శాంపిల్‌లోనే వేల గీతలు రావచ్చు. అణువులో ఒక క్లోరిన్ ఉంటే రెండు అంకెల దూరంలో జంట గీతలు వస్తాయి, వాటి ఎత్తులు 3:1. రెండు క్లోరిన్లుంటే 9:6:1. బ్రోమిన్ అయితే ఇంచుమించు 1:1. సాఫ్ట్‌వేర్ ఆ వేల గీతల్లో ఈ వరుసలను వెతికి, రసాయనం పేరు తెలియకపోయినా "ఇక్కడ క్లోరిన్ ఉంది" అని చూపిస్తుంది. పేరు ఖాయం చేయడానికి మాత్రం కెమిస్టు స్వచ్ఛమైన నమూనాతో పోల్చి చూడాల్సిందే. సీసం లాంటి లోహాలకు పరీక్ష వేరు.

మదనపల్లె టమోటా ఊరు, మందు డబ్బాలు మన పిల్లలకు కొత్త కాదు. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ అణువులో ఆరు క్లోరిన్లు. మీ చిన్నప్పటి గమాక్సిన్ పొడిలోని మందులోనూ ఆరే.

ఆదివారం ఇంట్లో ఇది చేయించండి. నాలుగు చింతపిక్కలు సంచిలో వేసి, ఒకదానికి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. చూడకుండా ఒకటి తీసి, రాసుకొని, మళ్లీ లోపల వేసి ఇంకొకటి తీయాలి. రెండుసార్లు తీస్తే ఒక అణువు. అలా 16 అణువులు చేస్తే గుర్తు లేనివి 9, ఒక గుర్తువి 6, రెండు గుర్తులది 1 దగ్గరగా రావాలి. రాకపోతే 160 చేయించండి. జవాబు కుదరడానికి అంకెలు దిద్దే అలవాటు మన పిల్లల్లో ఉంది, దానికి ఒప్పుకోకండి. వచ్చింది వచ్చినట్టే సైన్స్ నోట్స్‌లో రాసి పంపండి.