పాత స్పోర్ట్స్ కారు నడుం విరగ్గొడుతోందా? డబ్బు పెట్టే ముందు మీ ఫోన్‌తో ఇలా చెక్ చేయండి

ఫోన్ రివ్యూ అనగానే మనం ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ గురించి మాట్లాడుకుంటాం. లోపల ఉండే యాక్సెలరోమీటర్ సెన్సర్‌ని ఎవరూ పట్టించుకోరు. స్క్రీన్ తిప్పడానికి, అడుగులు లెక్కపెట్టడానికి తప్ప అది దేనికీ పనికిరాదనుకుంటాం. కానీ నా 1999 మోడల్ మాజ్డా ఎంఎక్స్-5 మియాటాలో కుదుపు ఎక్కడి నుంచి వస్తోందో పట్టిచ్చింది ఆ సెన్సరే. ఆ పద్ధతి ఏంటో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం. కారు ఏదైనా లెక్క ఒకటే కాబట్టి, మీ దగ్గర ఉన్నది మియాటా కాకపోయినా ఇది పనికొస్తుంది.

ముందు కారు గురించి రెండు మాటలు. మియాటా 1989లో వచ్చిన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. బరువు టన్ను పైచిలుకు, వెనక చక్రాల డ్రైవ్, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. నాది ఎన్‌బి అనే రెండో తరం. మాజ్డా ఇండియాలో కార్లు అమ్మదు కాబట్టి మన ఊళ్లలో ఇది కనబడదు. నేను ఉండేది టెక్సస్‌లో. ఇక్కడ కాంక్రీట్ హైవేల మీద, ఫ్లైఓవర్ల దగ్గర జాయింట్లు ఎక్కువ. ప్రతి జాయింట్‌కీ కింద నుంచి సుత్తితో కొట్టినట్టు ఒక దెబ్బ తగిలేది.

రెండు గ్యారేజీల్లో అడిగాను. ఒకరు "స్పోర్ట్స్ కారు అంటే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఇంకొకరు కాయిలోవర్ కిట్ మొత్తం వేయమన్నారు. ఆ ఎస్టిమేట్ నేను కారు కొన్న ధరలో మూడో వంతు. ఇద్దరూ కారు కింద చూడలేదు, ఏదీ కొలవలేదు. కోడ్ స్లోగా ఉందంటే ముందు ప్రొఫైల్ చేస్తాం, తర్వాతే మారుస్తాం కదా. కారుకీ అదే రూల్ పెట్టుకున్నాను.

ఇది నడుం నొప్పితో పోయే విషయం కూడా కాదు. మలుపులో ఉన్నప్పుడు సస్పెన్షన్ ఇక కదలడానికి చోటు లేక ఆగిపోతే, టైరు మీద బరువు ఒక్కసారిగా పెరిగి, మరుక్షణం తగ్గుతుంది. ఆ క్షణంలో గ్రిప్ పోతుంది. వెనక చక్రాలకు ఇలా జరిగితే కారు తోక పక్కకి జారుతుంది. 1999 మియాటాలో స్టెబిలిటీ కంట్రోల్ లేదు. జారితే ఆపేది డ్రైవరే.

కుదుపు ఒకటే, జబ్బులు మూడు

"రైడ్ హార్డ్‌గా ఉంది" అని మనం ఒక్క మాటలో చెప్పేస్తాం. నిజానికి అందులో మూడు రకాలున్నాయి.

1. చిన్న చిన్న గరుకులు కూడా స్టీరింగ్‌లో, సీటులో జిల్లుమని తెలియడం. ఎక్కువసార్లు కారణం టైర్లలో గాలి, గట్టిపడిన పాత టైర్లు, లేదా బుష్‌లు.
2. గతుకు దాటాక కూడా కారు ఊగుతూ ఉండటం. షాక్ అబ్జార్బర్లు అరిగిపోయాయని అర్థం.
3. మామూలు రోడ్డు మీద బాగానే ఉండి, జాయింట్ లేదా గుంత రాగానే "ఢమ్" అని ఒక్క దెబ్బ. ఇది ట్రావెల్ అయిపోవడం. అంటే చక్రం పైకి కదలడానికి చోటు లేక, షాక్ రాడ్‌కి తొడిగిన బంప్ స్టాప్ అనే ఫోమ్ ముక్కకి కొట్టుకోవడం.

సీటులో కూర్చున్న మనకి మూడూ ఒకేలా అనిపిస్తాయి. ఫోన్‌కి అలా కాదు.

ఫోన్ సెటప్

యాప్ పేరు ఫైఫాక్స్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫ్రీ యాప్, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఉంది. అందులో "యాక్సెలరేషన్ వితౌట్ జీ" అనే ఎక్స్‌పెరిమెంట్ తీసుకుంటే, గురుత్వాకర్షణని తీసేసి మిగతా కదలికనే రికార్డ్ చేస్తుంది.

ఇక్కడ నాలుగు జాగ్రత్తలు:

- ఫోన్‌ని సీటు మీద పెట్టొద్దు. సీటు మెత్తదనం రీడింగ్‌ని మార్చేస్తుంది. ఫ్లోర్ మీద గట్టి మెటల్ ఉన్న చోట డబుల్ సైడ్ టేప్‌తో, స్క్రీన్ పైకి వచ్చేలా అంటించండి. అప్పుడు జెడ్ యాక్సిస్ అంటే పైకీ కిందకీ కదలిక.
- పాత ఫోన్ వాడండి. ఇంజిన్ల బలమైన వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాల్లోని ఆప్టికల్ స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని, బైకులకు ఫోన్ బిగించేవాళ్లని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. కెమెరా పోయినా బాధపడని ఫోన్ అయితే మంచిది.
- ఒకే రోడ్డు, ఒకే లేన్, ఒకే స్పీడ్. నేను గంటకు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు పెట్టుకున్నాను. ప్రతి మార్పుకీ మూడు రన్‌లు.
- స్టార్ట్ బటన్ బయల్దేరే ముందే నొక్కేయండి. డ్రైవ్ చేస్తూ ఫోన్ ముట్టుకోవద్దు.

సెకనుకు 100 శాంపిల్స్ తీసే ఫోన్ సరిపోతుంది. ఎందుకంటే కారు బాడీ ఊగేది సెకనుకు 1 నుంచి 2 సార్లు, చక్రం ఎగిరేది సుమారు 10 నుంచి 15 సార్లు. రెండూ ఆ రేంజ్‌లో హాయిగా పడతాయి. డేటాని ఎక్స్‌పోర్ట్ చేసి పైథాన్‌లో రెండు అంకెలు తీశాను: మొత్తం కుదుపు సగటు చెప్పే ఆర్‌ఎంఎస్, అన్నిటికంటే పెద్ద దెబ్బ చెప్పే పీక్. సర్వర్ల మీద పనిచేసేవాళ్లకి ఇది తెలిసిన కథే. యావరేజ్ లేటెన్సీ బాగుండి పీ99 చెత్తగా ఉంటే, యూజర్ గుర్తుపెట్టుకునేది ఆ చెత్తనే.

మొదటి రీడింగ్: ఆర్‌ఎంఎస్ 1.6, పీక్ 10.8. యూనిట్ మీటర్ పర్ సెకండ్ స్క్వేర్డ్. పీక్ 1 జీ దాటింది. ఆర్‌ఎంఎస్‌కి దాదాపు ఏడు రెట్లు. అంటే రోడ్డంతా కుదుపు కాదు, కొన్ని చోట్ల మాత్రమే పెద్ద దెబ్బలు. మూడో జబ్బు మీద అనుమానం ఇక్కడే మొదలైంది. అయినా ఖర్చు లేని పనితో మొదలుపెట్టాలి కాబట్టి ముందు టైర్లు చూశాను.

స్టెప్ 1: టైర్లు

డోర్ దగ్గర స్టిక్కర్ మీద 26 పీఎస్ఐ అని ఉంది. నా టైర్లలో ఉన్నది 36. చాలా షాపుల్లో ఏ కారు వచ్చినా ఒకే లెక్కన కొట్టేస్తారు. పెద్ద ఎస్‌యూవీకి సరిపోయే గాలి టన్ను బరువున్న కారుకి ఎక్కువ. టైరు పక్కన రాసి ఉండే మ్యాగ్జిమమ్ ప్రెషర్ టైరు తట్టుకోగల హద్దు. మీ కారుకి కావలసింది డోర్ స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి చెక్ చేసేది కూడా టైర్లు చల్లగా ఉన్నప్పుడే.

26కి తగ్గించాక ఆర్‌ఎంఎస్ 1.4, పీక్ 10.1.

తర్వాత టైరు వయసు. డీఓటీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. నా టైర్ల మీద 4313 అని ఉంది. అంటే 2013లో 43వ వారం. ట్రెడ్ బాగానే కనిపిస్తోంది, కానీ రబ్బర్ గోటితో నొక్కితే దిగట్లేదు. అంత పాత టైర్లు తడి రోడ్డు మీద ఎలాగూ ప్రమాదమే కాబట్టి మార్చేశాను. ఆర్‌ఎంఎస్ 1.3, పీక్ 9.7. చిన్న గరుకుల జిల్లు పోయింది. జాయింట్ల దగ్గర "ఢమ్" మాత్రం అలాగే ఉంది.

స్టెప్ 2: స్ప్రింగ్ నిజంగా గట్టిదా?

"స్ప్రింగులు గట్టివి, మెత్తవి వేస్తే పోతుంది" అనేది అందరూ చెప్పే సలహా. దీన్ని చెక్ చేయొచ్చు. జాయింట్లు లేకుండా మెల్లగా ఎత్తుపల్లాలున్న రోడ్డు మీద తీసిన డేటాకి ఎఫ్‌ఎఫ్‌టీ వేస్తే, బాడీ ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక దిబ్బలా కనిపిస్తుంది. నాకు 1.7 హెర్ట్జ్ దగ్గర వచ్చింది. మామూలు సెడాన్లు 1 హెర్ట్జ్‌కి కాస్త పైన, స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 మధ్య ఉంటాయి. అంటే నా స్ప్రింగులు స్పోర్ట్స్ కారుకి మామూలే. ఇంత దెబ్బ కొట్టేంత గట్టివి కావు.

ఈ ఒక్క అంకె నుంచి ఇంకో విషయం వస్తుంది. 0.5ని ఫ్రీక్వెన్సీతో భాగించి, వచ్చినదాన్ని స్క్వేర్ చేస్తే, కారు బరువుకి స్ప్రింగ్ చక్రం దగ్గర ఎంత కుంగినట్టో మీటర్లలో తెలుస్తుంది. 0.5 బై 1.7 అంటే 0.294. స్క్వేర్ చేస్తే 0.086 మీటర్లు, అంటే 86 మిల్లీమీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, వచ్చే స్టెప్‌లో కావాలి.

స్టెప్ 3: రూపాయి ఖర్చుతో అసలు టెస్ట్

ఒక చిన్న జిప్ టై కొనండి. కారుని జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి, షాక్ మీది డస్ట్ బూట్ పైకి జరపండి. మెరిసే రాడ్ కనిపిస్తుంది. దాని చుట్టూ జిప్ టై బిగించి, షాక్ బాడీకి ఆనేలా కిందకి జరపండి. చక్రం బిగించి ఒక రౌండ్ వేసి రండి. షాక్ నొక్కుకున్నప్పుడల్లా బాడీ ఆ జిప్ టైని పైకి తోస్తుంది. అది ఆగిన చోటే ఆ రౌండ్‌లో షాక్ ఎక్కువలో ఎక్కువ నొక్కుకున్న చోటు.

నాది నాలుగు చక్రాల దగ్గరా బంప్ స్టాప్‌లోకి దూరిపోయింది. ముందు చక్రాల దగ్గర బంప్ స్టాప్‌లో సగం మిగల్లేదు. చేత్తో పట్టుకుంటే పాత స్పాంజిలా పొడి రాలింది.

కారు నేల మీద తన బరువుతో నిలబడి ఉన్నప్పుడు షాక్ బాడీకీ బంప్ స్టాప్‌కీ మధ్య ఖాళీ 9 మిల్లీమీటర్లు. షాక్ చక్రానికి లోపలి వైపు ఉంటుంది కాబట్టి చక్రం ఇంకాస్త ఎక్కువ కదులుతుంది. చక్రాన్ని కొలిచి ఎత్తి, షాక్ ఎంత కదిలిందో చూస్తే ఆ నిష్పత్తి దొరుకుతుంది. నా లెక్కలో చక్రం దగ్గర ఖాళీ సుమారు 12 మిల్లీమీటర్లు.

ఇప్పుడు 12ని 86తో భాగించండి. 0.14. అంటే చక్రం మీద మామూలు బరువుకంటే 14 శాతం ఎక్కువ పడితే చాలు, బంప్ స్టాప్ తగులుతుంది. హైవే నుంచి దిగే ర్యాంప్ మలుపులో బయటి చక్రాల మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. అక్కడ ఒక జాయింట్ వచ్చిందంటే ఇక కదలడానికి చోటే లేదు.

కారణం కూడా అక్కడే కనిపించింది. ఇంతకుముందు ఓనర్ అందం కోసం లోయరింగ్ స్ప్రింగులు వేయించారు. కారు కిందకి దిగింది, షాకులూ స్టాపులూ మాత్రం పాతవే. ఉన్న కొద్దిపాటి ట్రావెల్ ఎత్తుతోపాటే పోయింది.

మెత్తటి స్ప్రింగ్ సలహా ఎందుకు తప్పో ఇప్పుడు చూడండి. అదే ఎత్తులో ఇంకా మెత్తటి స్ప్రింగ్ వేస్తే ఆ 12 మిల్లీమీటర్లు ఇంకా తక్కువ బరువుకే అయిపోతాయి. దెబ్బలు తగ్గవు, పెరుగుతాయి.

స్టెప్ 4: రిపేర్

నేను మార్చినవి: కంపెనీ ఎత్తుకి సరిపోయే స్ప్రింగులు, నాలుగు కొత్త షాకులు, కొత్త బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు. కాయిలోవర్ కిట్ ఎస్టిమేట్‌లో సగం కూడా కాలేదు. స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో నొక్కి విప్పే పని షాపులోనే చేయించండి. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

మెకానిక్‌కి ఒక్క మాట మాత్రం తప్పకుండా చెప్పండి. సస్పెన్షన్ ఆర్ముల బుష్ బోల్టులు వదులు చేస్తే, వాటిని చివరిగా టైట్ చేసేది చక్రాల మీద కారు బరువు పడ్డాకే. ఈ బుష్‌లలో రబ్బర్ లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, మెలిపడుతూ పనిచేస్తుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా టైట్ చేస్తే, కారు దించగానే ఆ రబ్బర్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. రైడ్ గట్టిపడుతుంది, బుష్ తొందరగా చిరుగుతుంది. కొత్త పార్టులు వేసినా కుదుపు తగ్గలేదనే కేసుల్లో ఇది తప్పకుండా చూడాల్సిన పాయింట్. ఎత్తు మారింది కాబట్టి తర్వాత వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాలి.

రిజల్ట్

- మొదట, 36 పీఎస్ఐ: ఆర్‌ఎంఎస్ 1.6, పీక్ 10.8
- 26 పీఎస్ఐ: ఆర్‌ఎంఎస్ 1.4, పీక్ 10.1
- కొత్త టైర్లు: ఆర్‌ఎంఎస్ 1.3, పీక్ 9.7
- స్ప్రింగులు, షాకులు, స్టాపులు: ఆర్‌ఎంఎస్ 1.2, పీక్ 5.6

చివరి రిపేర్‌కి సగటు పెద్దగా మారలేదు, పీక్ దాదాపు సగానికి పడిపోయింది. ఫ్రీక్వెన్సీ 1.5 హెర్ట్జ్‌కి వచ్చింది, అంటే కుంగుదల 110 మిల్లీమీటర్లు. చక్రం దగ్గర ఖాళీ సుమారు 40. ఇప్పుడు స్టాప్ తగలాలంటే 36 శాతం ఎక్కువ బరువు పడాలి. ర్యాంప్ జాయింట్ దగ్గర కారు ఒకసారి మెత్తగా కుంగి లేస్తోంది, లైన్ తప్పట్లేదు.

మీరు చేయాల్సిన వరుస ఇదే: ముందు గాలి, తర్వాత టైరు వయసు, తర్వాత జిప్ టై. పీక్ కూడా ఆర్‌ఎంఎస్ కూడా ఎక్కువగా ఉంటే టైర్లు, బుష్‌ల వైపు చూడండి. గతుకు దాటాక గ్రాఫ్ రెండు మూడు సార్లు ఊగితే షాకులు. పీక్ మాత్రమే ఎక్కువై, జిప్ టై స్టాప్‌ని తాకితే, స్ప్రింగ్ గట్టిదా మెత్తదా అనే చర్చ పక్కన పెట్టి ముందు ట్రావెల్ సంగతి చూడండి. ఎవరైనా కిట్ మొత్తం మార్చమంటే, "బంప్ స్టాప్‌కి ఎంత ఖాళీ ఉంది?" అని అడగండి. ఆ అంకె చెప్పలేకపోతే డబ్బు ఇవ్వకండి.