గాలమునకు ముందు మేత

చెరువున చేపలు పొరలుచుండుట కన్నులార చూచియు, గాలము వేసినచో నొక్కటియు చిక్కుటలేదని సభ్యులు పలువురు మాతో చెప్పుచుందురు. పాత చెరువులలో నిది సహజము. అట్టి నీట పురుగును నాచును సమృద్ధిగా నుండుటచే చేపకు ఎరపై ఆశ తక్కువ. పైగా నొకమారు గాలము తగిలిన చేప దానిని మరవదు. 1970లో బ్యూకెమా యను హాలెండు శాస్త్రజ్ఞుడు బంగారుతీగ చేపలను గాలముతో పట్టి విడిచి పరీక్షించెను. ఒక్కమారు చిక్కినవి మరుసటి యేటను సులభముగా చిక్కలేదు.

కావున చేపను వెదకుటకంటె, అదియే యొక చోటికి నమ్మి వచ్చునట్లు మేతకు మరపుట మేలు. కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులలో తవుడును చెక్కయు రంధ్రములు గల సంచులలో నింపి నీట వ్రేలాడగట్టుదురు. చేపలు ప్రతిదినము ఆ సంచులయొద్దకే చేరును. గాలము వేయువారికిని ఈ సూత్రమే పనికివచ్చును.

మొదట చోటు నెన్నుకొనవలెను. బంగారుతీగయు ఎఱ్ఱమోసును అడుగున మేయును. శీలావతి నడిమి నీటను, బొచ్చె పైనీటను తిరుగును. మునుగు మేత ముఖ్యముగా అడుగున మేయువానికే తగును. నాచునకు అంచున, బురద తక్కువగా నుండు గట్టినేల మంచిది.

మొక్కజొన్న గింజలను ఒక దినము నానబెట్టి మెత్తగా నుడికింపవలెను. ఎండుగింజలు చేప కడుపులో ఉబ్బి హాని చేయును. వేరుసెనగచెక్కను నానబెట్టి తవుడుతో ముద్దచేసి కలుపవచ్చును. బూజు పట్టిన చెక్క కూడదు.

5 దినములు అదే చోట, అదే వేళకు, దోసెడు మేత వేయవలెను. గాలము మాత్రము వేయరాదు. ఈ జాతి చేపలకు ఆహారము నిలువయుండు కడుపుసంచి లేదు. అవి కొంచెము కొంచెముగా పలుమారులు తినును. కావున దోసెడు చాలును. 6వ దినమున గుప్పెడు మాత్రము చల్లి, అదే గింజను గాలమునకు గ్రుచ్చి, సద్దు చేయక కూర్చుండవలెను.

మేత తినినవో లేదో తెలిసికొనుటకు సులభోపాయము కలదు. పాత పళ్లెమునకు త్రాడుకట్టి, దానియందు కొంత మేత యుంచి అచ్చటనే దింపవలెను. మరునాడు పైకి తీసినప్పుడు మేత మిగిలియున్నచో ఆ దినము మరల వేయరాదు.

ఈ జాగ్రత్తయే అన్నిటికంటె ముఖ్యము. మిగిలిన మేత క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. తెల్లవారుజామున నీట ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో మేత వెంటనే మానవలెను. నలుగురు నాలుగు దిక్కుల బుట్టలకొలది కుమ్మరించినచో ఒకరి కూరకొఱకు ఊరి చేపయంతయు చచ్చును. వేసవిలో నీరు తగ్గిన చెరువున ఈ పని యసలే వలదు.

చేపల హక్కు పాటదారునికో మత్స్యకారుల సంఘమునకో చెందియున్నచో వారి యనుమతి ముందుగా పొందవలెను. ఒకే చెరువును వాడుకొను సభ్యులు తమలో మాటలాడుకొని, చోటును దినములను పంచుకొనిన యెడల నీరు చెడదు, చేపయు చిక్కును.