ముంగాలి ఎముక: రాడ్డా, ఫ్రేమా?

మాది అమ్రాబాద్. మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డు మీద మోటారుసైకిలు జారి మా చిన్నాయన ముంగాలి ఎముక విరిగి బయటకొచ్చింది. ఆయన అడిగింది ఒక్కటే: "కాలుంటదా, తీసేస్తరా?"

ఈ ఎముక లోపలి వైపు చర్మమే తప్ప కండ లేదు. అందుకే విరిగితే బయటపడుతుంది, మట్టి చేరుతుంది. ఇలాంటి గాయాలను 1976లో గస్టిలో, ఆండర్సన్ మూడు తరగతులు చేశారు. 1984లో మూడో తరగతిని మళ్ళీ మూడుగా విడగొట్టారు.

బిగించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మూలుగ దారిలో దించే రాడ్డు ఒకటి, పిన్నులతో బయటినుంచి పట్టే ఫ్రేమ్ రెండోది. టాంజానియాలో రెంటినీ పోల్చిన పరిశీలన 2020లో వెలువడింది. ఏడాదిలో మళ్ళీ ఆపరేషన్ అవసరం పడటంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎముక వంకరపోకుండా అతకడంలో రాడ్డే మేలు. కండ బాగా చితికి, మురికి చేరితే మాత్రం ముందు ఫ్రేమ్ బిగించి, గాయం కుదిరాక రాడ్డు వేయడం కద్దు.

ఏది వేసినా, వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వాలి, చచ్చిన కండ తీసెయ్యాలి, ఎముకను త్వరగా కప్పాలి. ఫ్రేముకు పిన్నుల చుట్టూ శుభ్రత కూడా కావాలి.

చిన్నాయన కాలు దక్కింది. మిత్రులారా, రేపు మనం డాక్టర్లమైతే, ఏది వెయ్యాలో తేల్చే ముందు "మీ ఊరెంత దూరం?" అని కూడా అడుగుదాం.