వాగు రాళ్ల కింద ఒక కెరీర్

జువాలజీ చదివితే టీచింగ్ తప్ప వేరే దారి లేదని చాలామంది డిగ్రీ విద్యార్థులు అనుకుంటారు. జీవుల్ని గుర్తించి, వర్గీకరించి, పేరు పెట్టే టాక్సానమీ వాళ్ల దృష్టికి రాదు. ఓపిక, నిశితంగా చూసే కన్ను ఉన్నవాళ్లకు ఇది మంచి దారి.

రిఫుల్ బీటిల్స్‌నే తీసుకోండి. గలగల పారే వాగుల్లో రాళ్లనూ, నానిన కర్రలనూ పట్టుకుని బతికే పెంకు పురుగులివి. చాలావాటి పొడవు బియ్యపు గింజంత కూడా ఉండదు. ఎల్మిడే అనే ఈ కుటుంబంలో సుమారు 1,500 జాతులకు పేర్లున్నాయి. ఎదిగిన పురుగులు ఊపిరి కోసం నీటిపైకి రానక్కర్లేదు. ఒంటి మీది సన్నని నూగు పట్టి ఉంచే గాలిపొర నీటిలోని ఆక్సిజన్‌ను అందిస్తుంది. డిటర్జెంట్ కలిస్తే ఆ పొర నిలవదు. అందుకే వాగు నీటి నాణ్యతను అంచనా వేయడానికి ఈ పురుగులూ పనికొస్తాయి.

పని ఎలా ఉంటుంది?

ప్రవాహానికి ఎదురుగా వల పెట్టి, దాని ముందున్న రాళ్లను కాలితో కదిలిస్తారు. కొట్టుకొచ్చిన వాటిని తెల్లటి ట్రేలో పోసి, పురుగుల్ని ఏరి ఆల్కహాల్‌లో భద్రపరుస్తారు. అసలు పని మైక్రోస్కోప్ దగ్గర మొదలవుతుంది. పైకి ఒకేలా కనిపించే జాతుల్ని విడదీయడానికి మగ పురుగు జననాంగాన్ని బయటికి తీసి, దాని ఆకారాన్ని గీస్తారు. డీఎన్ఏ బార్‌కోడింగ్ (చిన్న డీఎన్ఏ ముక్క ఆధారంగా జాతిని గుర్తించడం) తోడవుతుంది. పాత నమూనాలతో పోల్చి, వివరాలు జర్నల్లో ప్రచురించాకే కొత్త పేరు చెల్లుతుంది. బోర్నియోలోని మలియావ్ బేసిన్‌లో దొరికిన ఒక జాతికి 2018లో నటుడు లియొనార్డో డికాప్రియో పేరు పెట్టారు. ఆ పురుగు దొరికిన అన్వేషణ యాత్రలో శాస్త్రవేత్తలతో పాటు సామాన్య ఔత్సాహికులూ పాల్గొన్నారు.

ఏం చదవాలి?

బీఎస్సీలో జువాలజీ, తర్వాత ఎమ్మెస్సీ జువాలజీ లేదా ఎంటమాలజీ. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అర్హత సాధిస్తే పీహెచ్‌డీలో చేరాక ఫెలోషిప్ వస్తుంది. 2023 నుంచి ఇది నెలకు రూ.37,000. డీఎన్ఏ విశ్లేషణ, శాస్త్రీయ చిత్రలేఖనం నేర్చుకుంటే అదనపు బలం.

అవకాశాలు ఎక్కడ?

1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ముఖ్యమైనది. మంచినీటి జీవులపై పనిచేసే దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ప్రాజెక్టు ఫెలో నోటిఫికేషన్లను గమనిస్తూ ఉండండి. విశ్వవిద్యాలయాలతో పాటు, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సంస్థలకూ జీవవైవిధ్య నిపుణులు కావాలి.

ఇప్పుడేం చేయాలి?

జాతుల దాకా వెళ్లకండి. ముందు నీటి పురుగుల్ని కుటుంబం వరకు గుర్తుపట్టడం నేర్చుకోండి. కాలేజీ ల్యాబ్‌లోని నమూనాలను చూసి గీయండి. ప్రతి నమూనాకు స్థలం, తేదీ, సేకరించినవారి పేరుతో లేబుల్ రాయడం అలవాటు చేసుకోండి. అవి లేని నమూనా పరిశోధనకు దాదాపు పనికిరాదు. అడవిలో సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పేరు లేని జీవి ఏ నివేదికలోనూ లెక్కకు రాదు. లెక్కలో లేని దాన్ని కాపాడమని అడగడం కష్టం. ఆ లోటు తీర్చే నైపుణ్యాన్ని నేర్చుకోవడం డిగ్రీలోనే మొదలుపెట్టండి.