పాత గిటార్‌కు ఏడాది రాసిచ్చారంటే అది హామీయే

ప్రశ్న: పాత వాయిద్యాలు అమ్మే దుకాణంలో రెజొనేటర్ గిటార్ కొన్నాను. ధర రూ.2.80 లక్షలు. బిల్లులో '1931 నేషనల్ డువోలియన్, అన్నీ ఒరిజినల్ భాగాలే' అని రాశారు. అది ఆ ఏడాదిది కాదని తెలిసినవారు అంటున్నారు. దుకాణదారు 'అమ్మిన సరుకు వాపసు తీసుకోం' అంటున్నారు. నాకు దారేదైనా ఉందా?

జవాబు: ఉంది. బిల్లులోని ఆ ఒక్క వాక్యమే మీకు పెద్ద ఆధారం. ముందు గిటార్‌ను పరీక్షించండి. ఎందుకు అనుమానిస్తున్నారో మీరు వివరించగలిగితేనే కేసు నిలుస్తుంది.

నేషనల్ కంపెనీ 1927లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది. బ్యాండు హోరులో గిటార్ గట్టిగా వినిపించాలని ఆ కంపెనీకి చెందిన జాన్ డోపియెరా లోపల పలుచని అల్యూమినియం కోన్లు అమర్చారు. మొదట వచ్చింది మూడు కోన్ల ట్రైకోన్. తక్కువ ధరకు అమ్మిన ఒక్క కోన్ డువోలియన్ 1930లో వచ్చింది. దాని బాడీ ఉక్కుది, కాబట్టి అయస్కాంతం అతుక్కోవాలి. అతుక్కోకపోతే అది డువోలియన్ అన్న మాటే అనుమానం. తొలి డువోలియన్లలో మెడ 12వ ఫ్రెట్ దగ్గర బాడీని కలుస్తుంది. 14వ ఫ్రెట్ దగ్గర కలిసేవి 1930ల మధ్యలో మొదలయ్యాయి. మీది 14 అయితే '1931' అన్న మాట నిలవడం కష్టం, లేదా మెడ మార్చి ఉండాలి. మెడ మారిస్తే 'అన్నీ ఒరిజినల్' అన్నది తప్పవుతుంది. ఎలా చూసినా బిల్లు మాట ఒకచోట చెదురుతుంది.

కవర్ ప్లేట్ కింద కోన్ బోర్లించినట్టు ఉండి, దానిపై చిన్న చెక్క బిళ్ల, ఆ బిళ్లపై బ్రిడ్జి ఉండాలి. కోన్ గిన్నెలా వెల్లకిలా ఉండి, పైన సాలీడు కాళ్లలాంటి లోహపు చట్రం కనిపిస్తే అది డువోలియన్‌ది కాదు, డోబ్రో అనే మరో రకం గిటార్ పద్ధతి. హెడ్‌స్టాక్ మీది నంబరుతో ఏడాదిని సుమారుగానే అంచనా వేయగలం. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల మధ్య తర్వాతే వాడుకలోకి వచ్చాయి, కానీ స్క్రూలు ఎవరైనా మార్చి ఉండవచ్చు. వాటినే సాక్ష్యంగా పెట్టుకుని కోర్టుకెక్కకండి. కవర్ మీరు విప్పవద్దు. గిటార్లు బాగుచేసే అనుభవజ్ఞుడితో ఫొటోలు తీస్తూ విప్పించి, రాతపూర్వక అభిప్రాయం, అఫిడవిట్ తీసుకోండి.

ఇక చట్టం సంగతి. వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. 'పాత గిటార్' అంటే అభిప్రాయం అనుకోవచ్చు. '1931' అంటే వర్ణనే. వస్తువు నాణ్యత, స్టైలు, మోడల్ గురించి అబద్ధం చెప్పడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వాణిజ్య పద్ధతి. 'వాపసు లేదు' అని అచ్చు వేసినంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

ఆలస్యం మాత్రం చేయకండి. తెలిసీ చాలాకాలం మీ దగ్గరే ఉంచుకుంటే మీరు అంగీకరించారని అవతలివారు వాదిస్తారు; అది నిలిస్తే సరుకుల విక్రయ చట్టం కింద వాపసు హక్కు పోయి నష్టపరిహారమే మిగులుతుంది. ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బిల్లు, చెల్లింపు రుజువు, వాట్సాప్ సందేశాలు భద్రపరచండి. ఏ రిపేరూ చేయించకండి.

నోటీసుకు స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 1915 హెల్ప్‌లైన్ సాయం కూడా తీసుకోవచ్చు. లాభానికి తిరిగి అమ్మాలని కొనుంటే మాత్రం చట్టం దృష్టిలో మీరు వినియోగదారు కారు.

ఇదే గిటార్‌ను తన ఇంట్లోది అమ్ముకున్న వ్యక్తి దగ్గర కొనుంటే సివిల్ కోర్టే దారి. అక్కడ 1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ అడ్డుపడవచ్చు. అమ్మినవారు నిజమని నమ్మే తప్పు చెప్పి ఉండి, మామూలు జాగ్రత్తతో మీరు నిజం కనుక్కోగలిగేవారైతే ఒప్పందం రద్దు కావడం కష్టం. ఫ్రెట్లు లెక్కపెట్టడం మామూలు జాగ్రత్త కిందికే వస్తుందని అవతలి న్యాయవాది తప్పక అంటారు. అందుకే డబ్బు ఇచ్చేముందే ఏడాది, మోడల్, మార్చిన భాగాల వివరాలు అమ్మేవారితో సంతకం పెట్టి రాయించుకోవాలి.

పోలీసు కేసు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. మోసం నేరానికి అమ్మేటప్పుడే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. కమిషన్‌లో ఆ భారం మీపై ఉండదు. బిల్లులోని మాట తప్పని తేలితే చాలు.