సూదిమొనకు చిక్కిన కణాలు చదివే కొలువు

తొడలో గడ్డకు ఆపరేషన్ అయి రెండేళ్లు దాటిన మనిషికి ఊపిరితిత్తిలో గుండ్రటి మచ్చ కనబడిందనుకోండి. అది టీబీనా, ఊపిరితిత్తిలోనే కొత్తగా పుట్టిన క్యాన్సరా, పాత గడ్డే ఇక్కడిదాకా పాకిందా? కండరాలు, కొవ్వు వంటి మెత్తటి కణజాలంలో పుట్టే సార్కోమాలనే క్యాన్సర్లు రక్తంలో కలిసి ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకే. ఏదని తేలితే గానీ చికిత్స మొదలుకాదు. ఎంబీబీఎస్, నర్సింగ్ కాకుండా ఇంకేముందని అడిగే బైపీసీ పిల్లలకు నేను ముందుగా చెప్పేది కణాలను చదివి ఈ చిక్కు విప్పే సైటాలజీ గురించే.

సీటీ స్కాన్‌లో చూసుకుంటూ రేడియాలజిస్ట్ సన్నటి సూదిని మచ్చలోకి దించి కణాలు లాగుతారు. ఇదే ఎఫ్ఎన్ఏసీ. ఆ చుక్కను టెక్నాలజిస్ట్ స్లైడ్ మీద వేసి, మరో స్లైడ్‌తో పలచగా పరవాలి. గట్టిగా నొక్కితే కణాలు చితికిపోతాయి. మందంగా వదిలేస్తే ఒకదాని మీద ఒకటి పడి ఏదీ ఆనదు. కొన్ని స్లైడ్లను గాలికి ఆరనిచ్చి గీమ్సా రంగు వేస్తారు. కొన్నింటిని వెంటనే ఆల్కహాల్‌లో ముంచి పాపనికొలావ్ రంగు వేస్తారు. ముంచడం కాస్త ఆలస్యమైనా కేంద్రకం వివరాలు చెడతాయి. స్లైడ్లు పాడైతే మళ్లీ గుచ్చాలి. గుచ్చినప్పుడల్లా ఊపిరితిత్తి నుంచి గాలి లీకయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ పనికి మార్కుల కన్నా చేతి నిదానం ముఖ్యమంటాను.

చాలా సార్కోమాల్లో కణాలు కదురులా పొడవుగా కనిపిస్తాయి. కొన్ని ఊపిరితిత్తి క్యాన్సర్లలోనూ అలాగే ఉంటాయి కాబట్టి పాత ఆపరేషన్ స్లైడ్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తారు. మిగిలిన కణాలతో సెల్ బ్లాక్ చేసి డెస్మిన్, ఎస్-100, సైటోకెరాటిన్ వంటి, కణాల మూలాన్ని తేల్చే ఇమ్యునో పరీక్షలు చేస్తారు. శాంపిల్‌తో పంపే ఫారంలో తొడ ఆపరేషన్ సంగతి రాయకపోతే ఎంతటి నిపుణులైనా దారి తప్పవచ్చు. ఫారం ఖాళీగా వస్తే ఫోన్ చేసి అడిగే టెక్నాలజిస్ట్ ఉన్న ల్యాబే మంచి ల్యాబ్.

రిపోర్టు మీద సంతకం పాథాలజిస్ట్‌ది. దానికి ఎంబీబీఎస్, నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ పాథాలజీ కావాలి. టెక్నాలజిస్ట్ కావాలంటే ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ చేసి, ఆపై సైటాలజీలో శిక్షణ తీసుకోవాలి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైటాలజిస్ట్స్ వీరికి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల ఈ పని దగ్గరగా చూడవచ్చు.

కాలేజీలో చేరేముందు ఒక్క మాట అడగండి: మీ విద్యార్థులు ఏ ఆసుపత్రిలో, ఎవరి పక్కన కూర్చుని స్లైడ్లు చూస్తారు? సూటిగా జవాబు రాకపోతే అక్కడ ఫీజు కట్టకండి.