మొదటి గ్రుక్క

వేసవి మధ్యాహ్నమున రాయలసీమ పట్టణములలో నన్నారి షర్బతు బండ్లచుట్టు జనము మూగియుందురు. అంగడివాడు ముదురు గోధుమవన్నె పాకమును గ్లాసులో పోసి, నిమ్మరసము పిండి, చల్లని నీటినిగాని సోడానుగాని కలిపి యిచ్చును. సుగంధిపాల యను తీగ వేళ్ళనుండి ఆ పాకమునకు పరిమళము వచ్చును. కోస్తా జిల్లాలలో అదే పరిమళముతో సుగంధి సోడా దొరకును. ఎండనబడి వచ్చినవానికి అది ప్రాణము లేచివచ్చినట్లుండును. కాని ఆ వాసన నెన్నడును ఎరుగని పరదేశికి అదే గ్లాసు నిచ్చినచో, అతడు ఒక గ్రుక్క త్రాగి, "ఇందులో మట్టివాసన వచ్చుచున్నదేమి?" అని అడిగినను ఆశ్చర్యము లేదు.

అమెరికాలోను వేళ్ళ పేరుతో ప్రసిద్ధికెక్కిన పానీయ మొకటి కలదు. దానిని రూట్ బీరు అందురు. పేరులో బీరు ఉన్నను అంగళ్ళలో సాధారణముగా అమ్మునది మత్తుపానీయము కాదు. ఫిలడెల్ఫియా నగరమున మందుల వర్తకుడైన ఛార్లెస్ హైర్స్ 1876 ప్రాంతమున దానిని ప్రచారములోనికి తెచ్చెను. అచ్చటి పిల్లలు దానిలో ఐస్‌క్రీము వేసికొని మిక్కిలి ప్రీతితో త్రాగుదురు. చదువునకై ఆ దేశము వెళ్ళిన తెలుగు విద్యార్థి మాత్రము మొదటి గ్రుక్కకే తెల్లబోవును. నొప్పులకు పూయు మందును సీసాలో పోసి యిచ్చిరా యని అతనికి అనుమానము కలుగును.

ఆ అనుమానము వట్టిది కాదు. వింటర్‌గ్రీన్ అను మొక్క నూనెలో మిథైల్ సాలిసిలేట్ అను పదార్థము కలదు. అనేకములైన రూట్ బీరులకు పరిమళము నిచ్చునది అదియే. కీళ్ళనొప్పులకు మన యిండ్లలో రాయు లేపనములలో ఘాటుగా వాసనవేయునదియు అదియే. ఆ వాసన సోకగానే తెలుగు బాలునికి అమ్మమ్మ మోకాలినొప్పి జ్ఞప్తికి వచ్చును. అమెరికా బాలునికి పుట్టినరోజు పండుగ జ్ఞప్తికి వచ్చును.

అమెరికాకు ఈశాన్యమున నున్న మెయిన్ రాష్ట్రములో మాక్సీ యను పానీయము కలదు. ఆ రాష్ట్రమున జన్మించిన అగస్టిన్ థామ్సన్ అను వైద్యుడు లోవెల్ పట్టణమున దీనిని మొదట మందుగా అమ్మెను. 1880 వ దశకమున సోడాతో కలిపి పానీయముగా మార్చెను. జెన్షియన్ అను మొక్క వేరు చేరుటచే, నాలుకపై మొదట తీపి తోచి వెనుక చేదు నిలుచును. బయటివారిలో పలువురు దానిని చూచి మొగము చిట్లింతురు. మెయిన్ ప్రజలు మాత్రము 2005 లో దానిని తమ రాష్ట్ర అధికార పానీయముగా ప్రకటించుకొనిరి. ఆంగ్లభాషలో మాక్సీ యను మాటకు ధైర్యము, చొరవ యను అర్థములు కూడ ఏర్పడినవి.

స్విట్జర్లాండులో 1952 లో వెలసిన రివెల్లా అను పానీయము పాలవిరుగుడు తేటతో తయారగును. విరిగిన పాలను పారబోయు ఇంట పెరిగినవాడు ఆ మాట వినగానే వెనుకాడును. మజ్జిగమీది తేటను త్రాగి యెరిగినవాడు అంతగా జంకడు.

రుచి యనునది చాలవరకు నేర్చుకొనునదియే. అప్పుడే పుట్టిన శిశువు నాలుకకు తీపి తగిలిన మొగము విప్పారును. చేదు తగిలిన ముడుచుకొనును. విషపు మొక్కలు పెక్కు చేదుగా నుండుటచే, ప్రకృతి శిశువున కిచ్చిన రక్షణ యిది. అయిన వారి నడుమ కూర్చుండి, కొంచెము కొంచెముగా పలుమారు రుచిచూచి, కీడు లేదని తెలిసికొన్న పిమ్మట శరీరము ఆ కాపును సడలించును. ఒక్కొక్క రుచి అలవడుటకు ఎనిమిది పది సారులైనను పట్టవచ్చును. ఉగాదినాడు తల్లి బిడ్డ నోట వేపపూత పచ్చడి పెట్టుటలో ఈ శిక్షణ కూడ ఇమిడియున్నది.

ఇది తెలియకపోవుటవలన జరుగు కీడు చిన్నది కాదు. పల్లెలో పులిసిన రాగి అంబలి త్రాగి పెరిగిన బాలుడు పట్టణపు వసతిగృహములో చేరును. ఒకనాడు దాని పేరెత్తగా తోటివారు ముక్కులు మూసికొని నవ్వుదురు. మరల ఆ బాలుడు ఆ మాట యెత్తడు. సెలవులకు ఇంటికి పోయినపుడు తల్లి ముంత అందించినను, "నాకు వద్దు" అనును. కారణము తెలియక తల్లి చిన్నబోవును. నవ్వినవారు ఆ నవ్వును ఆనాడే మరచియుందురు.

కావున క్రొత్త పానీయ మెదురైనపుడు కొన్ని నియమములు పాటింపవలెను. అది శుభ్రమైన నీటితో చేసినదా యని చూచుకొనుట వివేకము. తీపి పానీయములలో చక్కెర హెచ్చు గనుక కొంచెమే పుచ్చుకొనవలెను. తెలిసిన రుచితో పోల్చి తీర్పు చెప్పక, దేనితో ఎట్లు చేయుదురో ఇచ్చినవారిని అడుగవలెను. పలుమారు చూచినను నచ్చనిచో మర్యాదగా వలదనవచ్చును. నచ్చితీరవలె నను నిర్బంధ మెవరికిని లేదు. వెక్కిరించు అధికారమును ఎవరికిని లేదు.

రూట్ బీరును చూచి తెల్లబోయిన విద్యార్థి రెండేండ్లు గడచునప్పటికి తానే దానిని కొని త్రాగుచుండవచ్చును. స్వదేశమునుండి క్రొత్తగా వచ్చిన తమ్ముని వంటివాడు మొదటి గ్రుక్కకే మొగము చిట్లించినపుడు, అతడు నవ్వక, "తొందరపడకు, రేపు మరల చూడుము" అనును.